న్యూ హాల్: ఎనిమిదో హెన్రీ ప్యాలెస్ కన్యాస్త్రీల మఠం ఎలా అయింది? (తరచుగా అడిగే ప్రశ్నలు)

న్యూ హాల్ ఎక్కడుంది?

ఇంగ్లండ్ తూర్పు భాగంలోని ఎసెక్స్ కౌంటీలో, చెల్మ్స్‌ఫర్డ్ పక్కనున్న బోరమ్ అనే ఊళ్లో ఉంది. లండన్ నుంచి ఈశాన్యంగా సుమారు 55 కిలోమీటర్లు. ఇప్పుడది ఒక క్యాథలిక్ రెసిడెన్షియల్ స్కూలు. పేరులో 'న్యూ' ఉంది కానీ ఆ ఇంటికి అయిదొందల ఏళ్ల చరిత్ర ఉంది. ఎర్ల్ దొరలు, రాజు, రాజకుమార్తె, డ్యూకులు, సైన్యాధిపతి, వ్యాపారి అందరూ అందులో ఉండి వెళ్లారు. అందరికన్నా ఎక్కువ కాలం, 1799 నుంచి 2005 దాకా, అందులో కాపురమున్నది మాత్రం కన్యాస్త్రీలు. గైడు పుస్తకాలు హెన్రీ పేరునే పెద్దక్షరాల్లో వేస్తాయి గానీ, న్యాయంగా చూస్తే ఇది సిస్టర్ల ఇల్లు.

'కంట్రీ హౌస్' అంటే ఊళ్లో ఉండే పెద్ద బంగళాయేనా?

బంగళా ఒక్కటే కాదు. మన జమీందారుల దివాణం లాంటిదనుకోండి: చుట్టూ వేల ఎకరాలు, కౌలు రైతులు, వేటకి అడవి, నౌకర్ల దండు, అన్నిటికీ మధ్యలో యజమాని హోదాని చాటే ఇల్లు. ఆ భూముల రాబడి మీదే ఇల్లు నిలబడుతుంది. రాబడి పోతే కప్పు బాగు చేయించడానికి కూడా డబ్బుండదు. న్యూ హాల్ కథలో ఈ లెక్క చాలాసార్లు అడ్డం తిరిగింది.

మొదట కట్టించింది హెన్రీయేనా?

కాదు. మధ్యయుగాల్లో ఈ భూమి వాల్తమ్ అబ్బీ మఠం చేతిలో ఉండేది. అంటే ఇక్కడి కథ మొదలైనదీ మఠంతోనే. తర్వాత అది ఆర్మండ్ ఎర్ల్ థామస్ బట్లర్‌కి వచ్చింది. ఇంటికి కోటలా బురుజుల గోడలు కట్టుకోవడానికి 1491లో అప్పటి రాజు ఏడో హెన్రీ ఆయనకి అనుమతి ఇచ్చాడు. ఆ రోజుల్లో అలాంటి గోడ కట్టాలంటే రాజు అనుమతి ఉండాల్సిందే. శత్రువుల భయం కన్నా హోదా కోసమే ఎక్కువమంది ఆ అనుమతి అడిగేవారు.

బట్లర్‌కి కొడుకులు లేరు. 1515లో ఆయన పోయాక ఆస్తి కూతురు మార్గరెట్ వైపు వెళ్లింది. ఆమె కొడుకు థామస్ బోలిన్. తర్వాత ఎనిమిదో హెన్రీకి రెండో భార్యై ఇంగ్లండ్‌ని కుదిపేసిన ఆన్ బోలిన్‌కి ఈయనే తండ్రి. 1516లో థామస్ బోలిన్ దగ్గర ఎనిమిదో హెన్రీ ఈ ఎస్టేటుని 1,000 పౌండ్లకి కొన్నాడు. అప్పటికి ఆన్ ఇంకా చిన్నపిల్ల. కాబట్టి ఈ కొనుగోలుకీ ఆ ప్రేమకథకీ ముడిపెట్టకండి.

హెన్రీ ఏం కట్టించాడు?

1,000 పౌండ్లకి కొన్న ఇంటి మీద 17,000 పౌండ్లు ఖర్చు పెట్టాడు. కొన్నదానికి పదిహేడు రెట్లు! ఎర్ర ఇటుకతో, ఎనిమిది ముంగిళ్ల చుట్టూ పరుచుకున్న ప్యాలెస్ అది. దక్షిణాన పెద్ద దర్వాజా భవనం, తూర్పు వైపు మహాసభాశాల, పడమట చాపెల్, అంటే ఇంటి ప్రార్థనాలయం. ఇంటికి 'బ్యూలీ' అని కొత్త పేరు పెట్టాడు. ఫ్రెంచిలో అందమైన చోటు అని అర్థం. జనం మాత్రం న్యూ హాల్ అనడం మానలేదు.

అప్పట్లో ఇటుక అంటే చవకబారు సరుకు కాదు. ఎసెక్స్‌లో కట్టడానికి పనికొచ్చే మంచి రాయి దొరకదు. బంకమట్టికి మాత్రం కొదవ లేదు. అందుకే ఆ ప్రాంతంలో డబ్బున్నవాళ్లు ఇటుకతో కట్టారు, పేదవాళ్లు కర్రతో, మట్టితో కట్టుకున్నారు. ట్యూడర్ కాలంలో (హెన్రీ వంశం ఏలిన రోజుల్లో) ఎర్ర ఇటుక కొత్త ఫ్యాషన్. లండన్ దగ్గరి హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్ చూసినవాళ్లకి ఆ రంగు, ఆ తీరు తెలిసే ఉంటాయి.

రాజు నిజంగా అక్కడ ఉన్నాడా?

వచ్చి పోతుండేవాడు. ట్యూడర్ రాజులు ఒకే చోట ఉండేవాళ్లు కారు. పరివారమంతా కట్టగట్టుకుని ఒక ప్యాలెస్ నుంచి ఇంకో ప్యాలెస్‌కి మారుతుండేది. 1524లో సెయింట్ జార్జ్ పండగని, గార్టర్ వీరుల (రాజు ఇచ్చే గొప్ప బిరుదు పొందినవాళ్ల) విందుతో సహా, హెన్రీ ఇక్కడే జరిపాడు. 1527 వేసవిలో నెలకి పైగా మకాం వేశాడు. మొదటి భార్య క్యాథరిన్‌ని వదిలించుకునే ఆలోచనకి ఊపు వచ్చింది ఆ వేసవిలోనే. అప్పుడు కూడా ఉన్న పెద్దమనుషుల్లో ఆన్ తండ్రి ఒకడు. ఒకప్పుడు తను అమ్మిన ఇంట్లోనే ఆయన అతిథిగా కూర్చున్నాడన్న మాట.

మేరీ రాజకుమారికి ఈ ఇంటితో సంబంధం ఏమిటి?

ఈ ఇంటి చరిత్రలో నన్ను అన్నిటికన్నా పట్టి ఉంచే భాగం ఇదే. హెన్రీ, క్యాథరిన్‌ల కూతురు మేరీ 1532, 1533 సంవత్సరాల్లో ఇక్కడే ఉండేది. తండ్రి ఆన్‌ని పెళ్లి చేసుకున్నాక మేరీ రాజకుమారి హోదా పోయింది. 1533 చివర్లో ఇంట్లోంచి కూడా పంపించేశారు. ఆ ఇంటిని ఆన్ సోదరుడు జార్జ్ బోలిన్‌కి ఇచ్చారు. మేరీని హాట్‌ఫీల్డ్‌కి తీసుకెళ్లి, ఆన్ కన్న పసిపిల్ల ఎలిజబెత్ పరివారంలో ఒకతెగా ఉంచారు. మూడేళ్లు తిరక్కుండానే ఆన్, జార్జ్ ఇద్దరి తలలూ తెగాయి.

తర్వాత న్యూ హాల్ మళ్లీ మేరీ చేతికి వచ్చింది. ఆమె తమ్ముడు ఆరో ఎడ్వర్డ్ పాలనలో దేశమంతా ప్రొటెస్టెంట్ ఆరాధన తప్పనిసరి అయింది. మేరీ మాత్రం తన ఇళ్లలో క్యాథలిక్ దివ్యపూజ ఆపలేదు. ఆమె ఇంట్లో లేనప్పుడు న్యూ హాల్‌లో పూజ చేశారని ఆమె పాదిరీల మీద కేసు కూడా పెట్టారు. బంధువుల అమ్మాయి జేన్ గ్రే ఇక్కడికి చుట్టంచూపుగా వచ్చినప్పటి సంఘటన ఒకటి ప్రొటెస్టెంట్లు చెప్పుకునేవారు. చాపెల్‌లోని దివ్యప్రసాదానికి, అంటే క్యాథలిక్కులు క్రీస్తు శరీరమని నమ్మే రొట్టెకి, ఒక దొరసాని మోకాలు వంచి నమస్కరిస్తే, "మనందరినీ చేసినవాడు అందులో ఎలా ఉంటాడు, దాన్ని చేసింది రొట్టెలవాడు కదా" అని జేన్ అడిగిందట. జరిగిందో లేదో గానీ, ఆ ఇంటి గోడల మధ్య ఎంత వేడి రగిలేదో ఆ మాటలోనే తెలుస్తుంది. 1553లో జేన్‌ని తొమ్మిది రోజులు రాణిని చేశారు. ఆ తర్వాత సింహాసనం మేరీది అయింది.

ఇప్పుడు కనిపించే భవనం హెన్రీ కట్టించినదేనా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ముందు నిలబడితే కనిపించే పొడవాటి ఎర్ర ముఖం హెన్రీ కాలానిది కాదు. 1573లో, మేరీ తర్వాత రాణి అయిన ఎలిజబెత్ ఈ ఎస్టేటుని సస్సెక్స్ ఎర్ల్ థామస్ రాడ్‌క్లిఫ్‌కి ఇచ్చింది. ఉత్తర భాగాన్ని ఆయన మళ్లీ కట్టించాడు. చివరికి నిలిచింది అదొక్కటే.

దాని అందం లెక్కలో ఉంది. రెండే అంతస్తులు. ముఖం పొడవునా గోడలోంచి ముందుకి పొడుచుకొచ్చిన ఏడు బే కిటికీలు, ఒక్కొక్కటీ కింది నుంచి పైదాకా, మూలలు ఏటవాలుగా కోసినట్టు. మధ్య కిటికీకి ఇటు మూడు, అటు మూడు. పైన కోసుగా లేచే కప్పులు కనబడవు, నిటారు పిట్టగోడ గీత గీసినట్టు సాగిపోతుంది. హెన్రీ తరం వాళ్లు గదులు ఎక్కడ అవసరమైతే అక్కడ అతికించుకుంటూ ముంగిళ్లు పెంచుకుపోయారు. ఎలిజబెత్ తరానికి ఎడమా కుడీ సరిపోవాలన్న పట్టింపు వచ్చింది. గాజు అప్పటికి ఖరీదైన వస్తువు. అన్ని కిటికీలు పెట్టడమంటే దారిన పోయేవాళ్లకి కూడా తన కలిమి చూపించడమే.

వాకిలి మీద ఇటాలియన్ భాషలో రాత ఎందుకుంది?

ఆ రోజుల్లో ఆస్థానంలో ఇటాలియన్ తెలియడం గొప్ప. సస్సెక్స్ ఎర్ల్ వాకిలి మీద రాణి రాజచిహ్నం చెక్కించి, కింద ఆమెని పొగుడుతూ ఇటాలియన్ పద్యం వేయించాడు: భూమ్మీద అందరికన్నా వివేకం గల రాణి, ఆకాశంలో అన్నిటికన్నా మెరిసే చుక్క, ఇంకా కన్య, ఉదారురాలు, విదుషి, సుందరి అంటూ. ఇల్లు ఇచ్చిన మనిషిని గుమ్మం మీద పెట్టి పొగడడంలో వింతేమీ లేదు. అయితే క్యాథలిక్ పూజని నేరం చేసిన రాణి పొగడ్త కింద నుంచి రెండు శతాబ్దాల పాటు క్యాథలిక్ సిస్టర్లు లోపలికీ బయటికీ నడిచారు. వాళ్లు దాన్ని చెక్కేయలేదు.

హెన్రీ జాడ ఏమీ మిగల్లేదా?

ఒకటి మిగిలింది, చిన్నదేం కాదు. అతని పెద్ద రాజచిహ్నం రాతిపలక, ఒకప్పుడు దర్వాజా భవనం మీద ఉండేది, ఇప్పుడు చాపెల్ లోపలి గోడకి ఉంది. దాని మీద లాటిన్ రాత: యుద్ధాల్లో పేరుపొందిన ఉదార ప్రభువు ఎనిమిదో హెన్రీ ఈ గొప్ప కట్టడాన్ని నిర్మించాడు అని. 1536 నుంచి 1540 లోపు దేశంలోని మఠాలన్నిటినీ, కన్యాస్త్రీల మఠాలతో సహా, మూయించి ఆస్తులు లాక్కున్న రాజు ఇతనే. అతని ముద్ర ఎదురుగా సిస్టర్లు రోజూ ప్రార్థన చేసుకున్నారు.

తోటల గురించి చెబుతారా?

1622లో బకింగ్‌హామ్ డ్యూక్ జార్జ్ విలియర్స్ ఇంటిని కొన్నాడు. రాజుకి అంతరంగికుడు, విలాసపురుషుడు. పేరున్న తోటమాలి జాన్ ట్రేడ్‌స్కాంట్‌ని పనిలో పెట్టుకున్నాడు. 1656 జులైలో జాన్ ఎవలిన్ అనే రచయిత ఇక్కడికి వచ్చి డైరీలో రాసుకున్నదే మనకి మంచి వర్ణన. అతనికి ఇల్లు పాతకాలంగా, ఎత్తు తక్కువగా అనిపించింది. మెట్లు అసాధారణంగా వెడల్పు, సభాశాల ఘనం, గ్యాలరీలు దండగ అన్నాడు. మనసు పడింది మాత్రం నాలుగు వరసల్లో, దాదాపు మైలు పొడవున బారులు తీరిన లైమ్ చెట్ల దారి మీద. అవి మన నిమ్మచెట్లు కావు సుమా, నీడకోసం పెంచే పెద్ద మానులు.

క్రామ్‌వెల్ ఐదు షిల్లింగులకి కొన్నాడన్నది నిజమా?

అంతర్యుద్ధంలో రాజుని ఓడించాక పార్లమెంటు ఈ ఎస్టేటుని తన సైన్యనాయకుడు ఆలివర్ క్రామ్‌వెల్‌కి నామమాత్రంగా ఐదు షిల్లింగులకి కట్టబెట్టిందని చెబుతారు. ఎవలిన్ వచ్చేనాటికి ఇల్లు క్రామ్‌వెల్ అధీనంలోనే ఉంది. కావలిస్తే దాన్ని ధర అనకుండా బహుమానం అనండి. 1660లో రాజరికం తిరిగి వచ్చాక బకింగ్‌హామ్ కొడుక్కి ఇల్లు దక్కింది. అతని నుంచి జనరల్ జార్జ్ మాంక్ కొన్నాడు. రెండో చార్లెస్‌ని సింహాసనం ఎక్కించి ఆల్బమార్ల్ డ్యూక్ అయిన మాంక్ ఇతనే.

అంత పెద్ద ప్యాలెస్ ఎలా మాయమైంది?

యుద్ధంలో కాదు, నిప్పులోనూ కాదు. ఖర్చు భరించలేక. మాంక్ కోడలు, రెండో డ్యూక్ భార్య ఎలిజబెత్ కావెండిష్, భర్త 1688లో జమైకాలో పోయాక మతి చలించిన స్థితిలో దశాబ్దాలు బతికింది. కిరీటం ఉన్నవాణ్ని తప్ప మళ్లీ పెళ్లి చేసుకోనని పంతం పట్టిందట. చాలా డబ్బుందని తెలిసిన రాల్ఫ్ మాంటగ్యూ దొర చైనా చక్రవర్తి వేషం కట్టి ఒప్పించాడని ఆనాటి కథ. నవ్వొచ్చే కథే గానీ, ఆమెకి జరిగింది నవ్వులాట కాదు. ఆమె 1734 దాకా బతికింది, లండన్‌లోనే. ఎసెక్స్‌లో ఇల్లు మాత్రం పట్టించుకునేవాళ్లు లేక పాడుపడింది.

ఆమె బతికుండగానే బెంజమిన్ హోర్ అనే బ్యాంకరు ఈ ఇంటిని కొన్నాడు. అతనికి పాత ప్యాలెస్ మీద మోజు లేదు. దగ్గర్లోనే బోరమ్ హౌస్ అని తన కాలపు ఫ్యాషన్‌లో కొత్తది కట్టుకున్నాడు. పాతింటి సామాను కొంత అందులోకి వెళ్లింది. 1730ల చివర్లో జాన్ ఒల్మియస్ కొని, ముంగిళ్లు, దర్వాజా భవనం, పాత సభాశాల, చాపెల్ అన్నీ కూలగొట్టించాడు. తనకి సరిపోయే ఉత్తర భాగాన్ని ఉంచుకున్నాడు. చరిత్రకారులు ఒల్మియస్‌ని తిట్టిపోస్తారు. నాకైతే అతను కోసేయబట్టే మిగిలింది బతికిందనిపిస్తుంది. ఎనిమిది ముంగిళ్ల ఇంటిని 1799లో దేశం కాని దేశం నుంచి చేతులూపుకుంటూ వచ్చిన సిస్టర్లు ఏం చేసుకునేవాళ్లు?

వెస్ట్‌మినిస్టర్‌లోని రంగుటద్దాల కిటికీ ఇక్కడిదేనా?

అవును. లండన్‌లో పార్లమెంటు పక్కన సెయింట్ మార్గరెట్స్ చర్చిలో తూర్పు కిటికీ ఒకప్పుడు న్యూ హాల్ చాపెల్‌లో ఉండేది. మధ్యలో సిలువ వేయబడిన క్రీస్తు, చెరో పక్కన మోకరిల్లిన రాజు, రాణి. క్యాథరిన్ ఆఫ్ ఆరగాన్ వివాహ సందర్భంగా చేయించారని సంప్రదాయం. వాల్తమ్ అబ్బీకి చేరి, ఆ మఠం మూతపడినప్పుడు న్యూ హాల్‌కి వచ్చిందంటారు.

ప్యూరిటన్లు (చర్చిల్లో బొమ్మలు సహించని కరడుగట్టిన ప్రొటెస్టెంట్లు) పగలగొడతారని మాంక్ దాన్ని భూమిలో పాతిపెట్టి కాపాడాడన్న కథ చాలా చోట్ల కనిపిస్తుంది. నాకు నమ్మకం కలగదు. మాంక్ చేతికి ఇల్లు వచ్చింది రాజరికం తిరిగొచ్చాక, అప్పటికి ప్యూరిటన్ల జోరు తగ్గింది. ఎవరో దాచి ఉండొచ్చు, పేరు మాంక్‌కి దక్కింది. ఒల్మియస్ ఇల్లు కూల్చినప్పుడు జాన్ కానియర్స్ అనే ఆసామి 50 గినీలకి (గినీ అంటే పౌండు కన్నా కాస్త ఎక్కువ) కొన్నాడు. 1758లో సెయింట్ మార్గరెట్స్ చర్చి 400 గినీలకి కొంది. అంతటితో అయిపోలేదు. అది మూఢభక్తి బొమ్మ, తీసేయాలని కోర్టుకి ఎక్కారు. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసులో చర్చి గెలిచింది.

ఇంగ్లండ్‌లో మఠాలే లేనప్పుడు ఈ సిస్టర్లు ఎక్కడి నుంచి వచ్చారు?

లియేజ్ నుంచి. ఇప్పుడది బెల్జియంలో ఉంది. హెన్రీ మఠాలు మూయించాక, కన్యాస్త్రీ కావాలనుకున్న ఇంగ్లిష్ అమ్మాయిలు సముద్రం దాటి ఐరోపాకి వెళ్లాల్సి వచ్చేది. అలా అక్కడ ఇంగ్లిష్ మఠాలు వెలిశాయి. సూసన్ హాలీ అనే ఆమె 1642లో లియేజ్‌లో పవిత్ర సమాధి సభ (క్రీస్తు సమాధి పేరు పెట్టుకున్న సన్యాసినుల సంఘం) సిస్టర్ల ఇంగ్లిష్ మఠం స్థాపించింది. రెండు అడ్డుకర్రలున్న ఎర్ర సిలువ వాళ్ల గుర్తు. ఇంగ్లండ్‌లో క్యాథలిక్ బడి నడపడం నేరం కాబట్టి క్యాథలిక్ కుటుంబాలు ఆడపిల్లల్ని అక్కడికే చదువుకి పంపేవి.

ఫ్రెంచి విప్లవ సైన్యాలు ముంచుకొస్తుంటే 1794లో సిస్టర్లు పిల్లలతో సహా మాస్ట్రిక్ట్, రోటర్‌డామ్ మీదుగా ఇంగ్లండ్ చేరారు. ఏ దేశం వాళ్ల జీవితాన్ని చట్టవిరుద్ధం చేసిందో ఆ దేశమే ఆశ్రయం అయింది. ముందు యార్క్‌షైర్‌లోని హోమ్ హాల్‌లో, తర్వాత విల్ట్‌షైర్‌లోని డీన్ హౌస్‌లో తలదాచుకున్నారు. చివరికి న్యూ హాల్ కొనుక్కుని 1799 జనవరిలో బడితో సహా దిగారు. వాళ్లు కొత్తగా మొదలుపెట్టిందేమీ లేదు. లియేజ్‌లో ఆపిన పాఠాన్ని ఎసెక్స్‌లో అందుకున్నారంతే.

అప్పటికి అది చట్టబద్ధమా?

సగం. 1791 చట్టం క్యాథలిక్ పూజకి, బడులకి ఒప్పుకుంది, కొత్త మఠాలకి ఒప్పుకోలేదు. ఐరోపా నుంచి పారిపోయి వచ్చినవాళ్లని చూసీ చూడనట్టు వదిలేశారు. 1800లో హెన్రీ మిల్డ్‌మే అనే పార్లమెంటు సభ్యుడు మఠాలకి కళ్లెం వేసే బిల్లు తెచ్చాడు. కామన్స్ సభ ఒప్పుకుంది, లార్డ్స్ సభ తిప్పికొట్టింది. 1829లో క్యాథలిక్కులకి హక్కులిచ్చిన చట్టం కూడా మగవాళ్ల మఠసభల మీద ఆంక్షలు పెట్టి, ఆడవాళ్ల మఠాలని వదిలిపెట్టింది.

సిస్టర్లు భవనాన్ని ఎంత మార్చారు?

ముఖ్యమైన మార్పు ఒక్కటే: మధ్యలోని పెద్ద హాలుని చాపెల్ చేసుకున్నారు. అతిథులకి వైభవం చూపించడానికి కట్టిన గదికి ఎత్తు, వెలుతురు రెండూ ఉన్నాయి. పూజకి కావలసినవీ అవే. మఠానికి కావలసింది ఒక పెద్ద సమావేశ స్థలం, భోజనశాల, వరసగా గదులు, గోడ దాటకుండా నడవడానికి తోట. కంట్రీ హౌస్‌లో ఇవన్నీ ముందే ఉంటాయి. అందుకే ఇలాంటి ఇళ్లు మఠాలకి అంత సులువుగా సరిపోయాయి.

1943లో బాంబు దాడిలో భవనం బాగా దెబ్బతింది. మరమ్మతు చేసుకుని సిస్టర్లు కొనసాగారు. బడి అవసరాలకి వెనకవైపు, పక్కలా కొత్త భవనాలు వచ్చాయి. వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు.

ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. కార్న్‌వాల్‌లోని లాన్‌హర్న్‌ని అరండెల్ కుటుంబం 1794లో ఆంట్వర్ప్ నుంచి వచ్చిన కార్మెలైట్ సిస్టర్లకి ఇచ్చింది. సఫోక్‌లోని హెన్‌గ్రేవ్ హాల్ అదే ఏడాది బ్రూజ్ సిస్టర్లకి 1802 దాకా నీడనిచ్చింది, మళ్లీ 1952లో ఇంకో సభ సిస్టర్లు కొనుక్కున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో కారణం వేరు: వారసత్వ పన్నులు పెరిగి, పనివాళ్లు దొరక్క, దొరలు ఇళ్లు అమ్ముకున్నారు. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. విల్ట్‌షైర్‌లోని లేకాక్ అబ్బీ హెన్రీ కాలం దాకా కన్యాస్త్రీల మఠం, తర్వాత దొరల ఇల్లు.

సిస్టర్లు ఎందుకు వెళ్లిపోయారు?

కొత్తగా చేరేవాళ్లు తగ్గారు, ఉన్నవాళ్లు పెద్దవాళ్లయ్యారు. పడమటి దేశాల మఠాలన్నిటిదీ ఇదే పరిస్థితి. 2001లో మొదటిసారి కన్యాస్త్రీ కాని వ్యక్తి బడికి హెడ్ అయ్యారు. 2005లో బడిని ట్రస్టుకి అప్పగించి సిస్టర్లు న్యూ హాల్ విడిచి చిన్న ఇళ్లకి మారారు. బడి క్యాథలిక్ బడిగానే ఉంది, ఇప్పుడు మగపిల్లలూ చదువుతున్నారు.

వెళ్లి చూడొచ్చా?

నడుస్తున్న స్కూలు కాబట్టి తోచినప్పుడు వెళ్లి గేటు తట్టే వీలు లేదు. స్కూలు వాళ్లని ముందుగా అడగాలి. దగ్గరి స్టేషన్ బ్యూలీ పార్క్, 2025లో తెరిచారు, లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి రైళ్లున్నాయి. హెన్రీ పెట్టిన పేరు అయిదొందల ఏళ్లు ఎవరి నోటా నిలవలేదు, ఇప్పుడు రైల్లో అనౌన్స్‌మెంటు అయింది. లండన్ దాటి వెళ్లే తీరిక లేకపోతే సెయింట్ మార్గరెట్స్‌లో ఆ కిటికీ చూడండి. తూర్పు కిటికీ కాబట్టి పొద్దున పూట వెళ్తే మేలు.